స్టీలు గట్టు

చిలకలగూడల రైలుపట్టాల ఎనక మా కొత్త కిరాయిల్లు.
మాకన్న ముందు ఇండ్ల కర్రీ పాయింటు నడిచిందట.
పోయేటోళ్లు పొయ్యిలు పట్కపోయిండ్రు,
గ్యాసు పైపులు, బోర్డు గూడ పీక్కపోయిండ్రు.
ఆరడుగుల స్టీలు గట్టు మాత్రం
గోడకు బోల్టులతోని బిగుసుకొని
ఎటూ పోలేదు.

మా అనసూర్యక్క చూసి
"సుఖపడ్డవు పో, మరక పట్టదు" అన్నది.
నా గుండె జల్లుమన్నది.

పద్దెనిమిదేండ్లాయె నేను థియేటర్ నర్సునై.
పొద్దంత స్టీలే.
ట్రేలు, కత్తెర్లు, మూతల డబ్బాలు,
ఎవరి పేరూ లేని మెరుపు.
నైట్ డ్యూటీ దిగొచ్చి
చాయ పెడదామని గట్టుకు చెయ్యి ఆనిస్తే
మళ్ల అదే సల్లదనం,
ఇప్పుడే ఎవర్నో స్ట్రెచర్ మీదికి మార్చినట్టు.

రాయి ఏయిద్దామన్నడు మా మొగులయ్య.
బోల్టు ముట్టద్దన్నడు ఓనరు.

ఇగ నేనే మొదలువెట్టిన.
ట్యూబులైటు పీకి పచ్చ బల్బు పెట్టిన.
స్టీలు మీద ఎలుతురు
కరిగిన నెయ్యి లెక్క జారింది.
గిన్నె పెడితే ఖంగుమనకుండ
గోనెసంచి మడతేసి పరిచిన.
మోండా మార్కెట్ల ఉప్పుకుండ కొన్న.
అది గట్టు మీద కూసోని
జనరల్ బోగీల పరాయి మనిషి లెక్క
కొంచెం కొంచెం జరుక్కుంట జాగ చేసుకున్నది.

అయినా
పొయ్యికాడ వంగి చూస్తే
గట్టుల నా ముఖం మసగ్గ,
మాస్కు కట్టుకున్నట్టే.

ఆ ఆదివారం జొన్నరొట్టెలు.
మరిగే నీళ్లల్ల పిండి కలిపి పిసికి
పీట దొరకక గట్టు మీదనే కొట్టిన.
పీట మీదైతే అది రొట్టె చప్పుడు.
స్టీలు మీద బారాతే!
చెంచాలు ఎగిరినయ్,
ఉప్పుకుండ మూత చిందులేసింది.
పైనింటి ఖమరున్నిసా బేగం దిగొచ్చి
"క్యా అమ్మా, పొద్దుపొద్దుగాల్నే మర్ఫా మోగుతుంది,
షాదీ ఎవరిది?" అన్నది.

నవ్వాపుకోలేక
పిండి చేతుల్తోనే తలుపు పట్టుకున్న.

ఆమె గట్టుకు ఒరిగి ఒక రొట్టె తిన్నది.
నిలబడే ఇంకోటి తిన్నది.
ఎల్లిగడ్డ కారం వేలు నాకి
"గరం ఉంది" అన్నది.
రొట్టె సంగతనుకున్న.
ఆమె అరచెయ్యి గట్టు మీదుంది.

ముట్టి చూసిన. నిజమే.
కొట్టిన కాడల్లా పిండి ఆరి
గుండ్రంగ తెల్ల మచ్చలు,
పక్కన కారం వేలిముద్ర ఒకటి.
డ్యూటీల గసువంటిది ఒక్కటి కనవడ్డా
ట్రే మొత్తం వాపసు పంపుత నేను.
బట్ట చేతికి తీసుకొని
చానసేపు గట్లనే నిలబడ్డ.

నిన్న మోండాకు పోయి
గిన్నెల మీద పేర్లు కొట్టే పిలగాన్ని పట్టుకొచ్చిన.
"గట్టు మీద ఎవరన్న కొట్టిస్తరా అమ్మా, గదీ కిరాయింట్ల?"
"నీకెందుకు బిడ్డా, అక్షరానికి ఎంత?"
మిషన్ కందిరీగ లెక్క గుయ్యిమన్నది.
గట్టు అంచున సుక్కసుక్కగ నా పేరు లేసింది,
స్వరాజ్యం,
దాని కింద తారీకు.

"ఇచ్చినోళ్ల పేరు?" అన్నడు,
పెండ్లి గిన్నెలకు అడిగినట్టే.

నాకేం తెలుసు.
బోర్డు పీక్కపోయిరి గదా.
ఆ అర్రలల్ల ఎవరు చెమటలు కక్కుకుంట
వందమందికి పప్పు కలిపిండ్రో,
ఏ లెక్క తేలక ఇల్లు ఇడిసిండ్రో.

"గా జాగ ఖాళీ ఉంచు" అన్న.
ఎంత ఉంచాలె అన్నడు వాడు.
నేను వేళ్లతోని కొలిచి చూపెడుతున్న.
పొయ్యి మీద పప్పు పొంగి
మెల్లగ గట్టు మీదికి పారుకుంట వస్తుంది,
ఇద్దరం చూడలే.